వాసన తెలుస్తోందా అని అడిగితే సరిపోదు

చూపు మసకబారిందంటే గోడ మీద అక్షరాల చార్టు పెట్టి, ఒక కన్ను మూయించి చదివిస్తారు. వినికిడి తగ్గిందంటే చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి ఆడియోగ్రామ్ తీస్తారు. అదే "డాక్టర్, నాకు వాసనలు తెలియడం లేదు" అంటే మాత్రం ముక్కులోకి లైటు వేసి చూస్తారు, జలుబు చేసిందా అని అడుగుతారు, స్ప్రే ఒకటి రాసిచ్చి పంపిస్తారు. ఎంత తగ్గింది, నిజంగానే తగ్గిందా అని కొలిచేవాళ్లు తక్కువ. 12 జతల కపాల నాడుల్లో మొట్టమొదటిది వాసనకు సంబంధించిన ఘ్రాణ నాడి. అయినా నరాల పరీక్ష ఫలితం రాసేటప్పుడు "2 నుంచి 12 వరకు నార్మల్" అని రాసేయడం ఎంత మామూలైపోయిందంటే, మరి ఒకటో నాడి సంగతేంటని అడిగేవాళ్లే ఉండరు.

వాసనంటే మొదటినుంచీ ఉన్న చిన్నచూపు ఇందుకు ఒక కారణం. కళ్లు, చెవులు పోతే బతుకు ఆగిపోతుంది, ముక్కు పోతే ఏమవుతుందిలే అనుకుంటారు. రెండో కారణం ఇంకా బలమైనది: మనిషిని అడిగితే చెప్పేస్తాడు కదా, దానికి పరీక్ష ఎందుకు? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే తన వాసనశక్తి గురించి మనిషి తనంతట తాను చెప్పే మాట చాలాసార్లు తప్పుతుంది.

కోవిడ్ విజృంభించిన 2020లో ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లోని ఒక ఆసుపత్రిలో 60 మంది కోవిడ్ రోగులకు 40 ప్రశ్నల వాసన పరీక్ష పెట్టారు. వాళ్లలో 59 మందికి ఎంతో కొంత లోపం ఉన్నట్టు తేలింది. కానీ పరీక్షకు ముందే తమకు వాసనో రుచో తగ్గిందని తెలిసినవాళ్లు 35 శాతం మాత్రమే. కోవిడ్‌లో హఠాత్తుగా పోయే వాసనే ఇంతమందికి తెలియకపోతే, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తరిగిపోయేది ఎలా తెలుస్తుంది? చేతులు వణికే, కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు పార్కిన్సన్స్ ఉన్నవాళ్లలోనూ ఇదే కనిపిస్తుంది. చాలామందికి పరీక్షలో స్కోరు బాగా తక్కువ వస్తుంది, అడిగితే మాత్రం "వాసన బానే తెలుస్తోందండీ" అంటారు. అబద్ధమేమీ కాదు. కాఫీ కప్పు కళ్లముందు కనిపిస్తుంటే కాఫీ వాసన వస్తున్నట్టే మెదడు సర్దుకుంటుంది. ఒక ముక్కుపుటంలో వాసన పూర్తిగా పోయినా రెండోది పనిచేస్తుంటే తేడా తెలియదు. అందుకే అవసరమైనప్పుడు ఒక్కో పుటానికి విడివిడిగా పరీక్ష చేయాలి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఒకటుంది. "నోటికి రుచి తెలియడం లేదు, ఏం తిన్నా చప్పగా ఉంటోంది" అని వచ్చేవాళ్లలో చాలామందికి నాలుక భేషుగ్గా పనిచేస్తుంటుంది, పోయింది వాసన. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లాంటివాటిలో ఉండే కమ్మదనం), అంతే. మనం రుచి అనుకునే మిగతాదంతా నమిలేటప్పుడు గొంతు వెనకనుంచి ముక్కు పైభాగానికి ఎక్కే వాసనే. ఇది తెలుసుకోవడానికి పండు ఫ్లేవరున్న చాక్లెట్ బిళ్ల ఒకటి చాలు. ముక్కు గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఏ పండో తెలియకుండా బిళ్ల నోట్లో వేసుకోవాలి. తియ్యగా ఉంటుంది, కాస్త పుల్లగా కూడా ఉండొచ్చు, ఇంకేమీ తెలియదు. అది నిమ్మో స్ట్రాబెర్రీయో చెప్పడం ఎవరి తరమూ కాదు. అలాగే ఓ అర నిమిషం చప్పరించి ముక్కు వదిలేస్తే, ఒక్క ఊపిరిలో పండు మొత్తం నోట్లోకి వచ్చేసినట్టు అనిపిస్తుంది. వాసన పోయిన మనిషికి ముక్కు వదిలినా ఏ మార్పూ రాదు, బిళ్ల తియ్యగానే మిగిలిపోతుంది. నోట్లో నాలుగు చుక్కలు వేసి నాలుక రుచిని విడిగా పరీక్షిస్తే సమస్య ఎక్కడుందో తేలిపోతుంది, కానీ ఆ చిన్న పని కూడా చాలాసార్లు జరగదు.

వాసన పట్టే కణాలు ముక్కు కుహరం పైకప్పులో, కళ్ల మధ్య ఎత్తున, చిన్న పొరలో ఉంటాయి. ఆ పొరలో వాసన అణువులను పట్టే గ్రాహకాల జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు, దానికి 2004లో నోబెల్ వచ్చింది. మనిషిలో పనిచేసే గ్రాహక రకాలు సుమారు 400. ఆ కణాల నుంచి బయల్దేరిన సన్నటి నరాల పోగులు జల్లెడలాంటి ఎముక రంధ్రాల్లోంచి దూరి నేరుగా మెదడు అడుగుకు చేరతాయి. తలకు గట్టి దెబ్బ తగిలి మెదడు ఒక్కసారి అటూ ఇటూ కదిలితే ఆ పోగులు జల్లెడ దగ్గర తెగిపోవచ్చు, ముక్కుకు బయట ఒక్క గీత కూడా పడకపోయినా సరే. కాబట్టి వాసన తెలియలేదంటే, పాలిప్స్ (ముక్కులో పెరిగే మెత్తటి కండలు) వల్లో సైనస్ వాపు వల్లో గాలి ఆ పొరదాకా చేరకపోవచ్చు, లేదా చేరినా పొర, నరం, మెదడు ఎక్కడో దెబ్బతిని ఉండొచ్చు. ముక్కులోకి లైటు వేసి చూస్తే మొదటిది కొంత తెలుస్తుంది, రెండోది తెలియదు.

ఇక పరీక్ష చేద్దామనుకున్నవాళ్లు కూడా తరచూ పడే గోతి ఒకటుంది. చేతికందిన స్పిరిట్ దూది, బామ్ సీసా, అమ్మోనియా ఏదో ఒకటి ముక్కు దగ్గర పెట్టి "తెలుస్తోందా?" అని అడగడం. రోగి తల వెనక్కి లాక్కుంటాడు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, "వాసన బాగానే ఉంది" అని కాగితం మీద రాసేస్తారు. కానీ అక్కడ తెలిసింది వాసన కాదు, ఘాటు. తెలుగులో ఈ రెంటికీ వేరువేరు మాటలున్నట్టే శరీరంలో వేరువేరు నాడులున్నాయి. ఘాటు, మంట, మెంథాల్ చల్లదనం ఇవన్నీ ట్రైజెమినల్ అనే ఐదో నాడి పని, ఘ్రాణ నాడి పూర్తిగా తెగిపోయిన మనిషికి కూడా అమ్మోనియా చురుక్కుమంటుంది. ఆ లెక్కన ఐదో నాడిని పరీక్షించి ఒకటో నాడికి మార్కులు వేసినట్టే.

అందుకే సరైన పరీక్షలో ఘాటు దాదాపు లేని పదార్థం వాడతారు. అలాంటివాటిలో ముందు చెప్పుకోవాల్సింది ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, గులాబీ పరిమళం ఉంటుంది, ఐదో నాడిని పెద్దగా కదిలించదు. అమ్మోనియాకు వేరే ఉపయోగం ఉంది. ప్రమాదం తర్వాత నష్టపరిహారం కోసం వచ్చిన వ్యక్తి "నాకు ఏ వాసనా తెలియదు, అమ్మోనియా పెట్టినా ఏమీ అనిపించడం లేదు" అన్నాడనుకోండి, అనుమానించాల్సిందే, ఎందుకంటే నిజంగా వాసన పోయినవాడికి కూడా ఆ మంట తెలిసి తీరాలి.

వాసనను కొలవాలన్న ఆలోచన కొత్తదేం కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన హెండ్రిక్ జ్వార్డెమేకర్ 1888లోనే ఒక ఆల్ఫాక్టోమీటర్ తయారుచేశాడు. వాసనున్న గొట్టంలోకి గాజు గొట్టం దూర్చి, దాన్ని ఎంత బయటికి లాగితే అంత ఎక్కువ వాసన ముక్కుకు చేరేలా అమర్చాడు. అయితే క్లినిక్‌లో ఎవరైనా వాడగలిగే పరీక్షలు రావడానికి దాదాపు మరో వందేళ్లు పట్టింది. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డోటీ బృందం 40 వాసనల పుస్తకాలు తయారుచేసింది, గోరుతోనో పెన్సిల్‌తోనో గీకితే వాసన వచ్చే పట్టీలు వాటిలో ఉంటాయి. దాన్ని పొట్టిగా అప్సిట్ అంటారు. 1997లో జర్మనీ నుంచి స్నిఫిన్ స్టిక్స్ వచ్చాయి. చూడటానికి స్కెచ్ పెన్నుల్లాగే ఉంటాయి, లోపల ఇంకుకు బదులు వాసన ద్రవం నింపి ఉంటుంది.

ఈ పెన్నుల పరీక్షను దగ్గర్నుంచి చూస్తే, "వాసన తెలుస్తోందా" అన్న ఒక్క ప్రశ్న వెనక ఎన్ని ప్రశ్నలు దాక్కుని ఉన్నాయో అర్థమవుతుంది. మొదటి భాగం థ్రెషోల్డ్, అంటే ఎంత పలచటి వాసన వరకు పట్టగలరన్నది. రోగి కళ్లకు గంతలు కడతారు, పెన్నుల రంగుమూతలు చూసి ఊహించకుండా. మూడు పెన్నులు ఒకదాని తర్వాత ఒకటి మూత తీసి, ముక్కుకు సుమారు 2 సెంటీమీటర్ల దూరంలో 3 సెకన్లపాటు పట్టుకుంటారు. రెండింటిలో ఉత్త ద్రావకమే ఉంటుంది, ఒక్కదానిలో వాసన. అది ఏదో చెప్పాలి. తెలియకపోయినా సరే, మూడింట్లో ఏదో ఒకటి చెప్పి తీరాలి, "తెలియలేదు" అన్న జవాబుకు చోటు లేదు. అన్నిటికన్నా పలచటి దానితో మొదలెడతారు, మొత్తం 16 మెట్లు ఉంటాయి. తప్పు చెబితే చిక్కటి వైపు వెళతారు, వరసగా రెండుసార్లు సరిగ్గా చెబితే దిశ మార్చి పలచటి వైపు దిగుతారు, మళ్లీ తప్పితే పైకి. ఇలా ఏడుసార్లు దిశ మారేదాకా సాగదీసి, చివరి నాలుగు మలుపుల సగటు తీస్తారు.

రెండుసార్లు ఎందుకంటే, మూడు పెన్నుల్లో ఒకటి గుడ్డిగా చెప్పినా తగిలే అవకాశం మూడింట ఒకటి, వరసగా రెండుసార్లు తగలాలంటే తొమ్మిదింట ఒకటికి పడిపోతుంది. ప్రతి మూడు పెన్నుల గుంపు తర్వాత ఓ 20, 30 సెకన్లు ఆగాలి, ఎందుకంటే ముక్కు ఏ వాసనకైనా ఇట్టే అలవాటుపడిపోతుంది, అగరుబత్తి వెలిగించిన గదిలో కాసేపు కూర్చుంటే ఆ వాసనే తెలియనట్టు. పరీక్ష పెట్టేవాళ్లు సెంటు పూసుకోకూడదు, చేతికి వాసనలేని గ్లౌజులుండాలి, గదిలో గాలి బాగా ఆడాలి, రోగి కాసేపటి ముందునుంచీ మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు, సిగరెట్ తాగకూడదు. తొందరపడితే స్కోరు పడిపోతుంది, అది రోగి లోపం కాదు. బయట క్యూలో 30 మంది కూర్చుని ఉన్న ఓపీలో ఈ ఓపిక ఎక్కడినుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే, ఈ పరీక్షలు పెద్దగా వ్యాపించకపోవడానికి అసలు కారణం కూడా అదే.

రెండో భాగంలో కూడా మూడు పెన్నులే, అయితే ఈసారి మూడూ గట్టిగా వాసన వేస్తాయి, రెండు ఒకే రకం, ఒకటి వేరు. ఆ వేరేది ఏదో చెప్పాలి, పేరు అక్కర్లేదు. ఇలాంటివి 16. మూడో భాగంలో ఒక్కో పెన్ను వాసన చూపించి నాలుగు పేర్లున్న కార్డు ఇస్తారు, వాటిలోంచి ఒకటి ఎంచుకోవాలి. అవీ 16. మూడు భాగాలూ కలిపితే 48. యువకుల స్కోర్లను ఆధారం చేసుకుని, 30.75 అంతకు మించి వస్తే మామూలు, 16 లేదా అంతకంటే తక్కువైతే వాసన పోయినట్టు, మధ్యలో ఉంటే తగ్గినట్టు లెక్కిస్తారు.

పేరు చెప్పడం అన్నది వినడానికి తేలికగా ఉంటుంది, నిజానికి అన్నిటికంటే మెలిక ఉన్నది అదే. రంగులకు ఎరుపు, పసుపు అని సొంత పేర్లున్నాయి. వాసనలకు చాలావరకు లేవు, గులాబీ వాసన, లవంగం వాసన, తడిమట్టి వాసన అని అవి వచ్చే వస్తువు పేరే పెట్టుకుంటాం. ఆ వస్తువుతో పరిచయమే లేకపోతే ముక్కు ఎంత చురుగ్గా ఉన్నా పేరు రాదు. అందుకే కార్డు మీద నాలుగు పేర్లు ఇచ్చేది, లేకపోతే "తెలిసినట్టే ఉంది, నోట్లో ఉంది గానీ రావడం లేదు" దగ్గరే సగంమంది ఆగిపోతారు. అమెరికాలో పుట్టిన 40 వాసనల పరీక్షలో రూట్ బీర్ వాసన ఉంది. ఆ పానీయం ఎన్నడూ తాగనివాళ్లకు అది ఒక మార్కు గాలికి పోయినట్టే. దీన్ని గమనించే చాలా దేశాల్లో వాసనలు మార్చి, మళ్లీ ఆరోగ్యవంతుల మీద ప్రయోగించి, వయసువారీ కొత్త ప్రమాణాలు తయారుచేసుకున్నారు. పేర్లను అనువదిస్తే చాలదు. తప్పు జవాబులుగా ఇచ్చే మిగతా మూడు పేర్లు కూడా ముఖ్యమే: నిమ్మ వాసనకు పక్కన నారింజ పెడితే ఆరోగ్యవంతుడూ తడబడతాడు, చేప పెడితే చిన్నపిల్లాడైనా చెప్పేస్తాడు.

నాలుగు జవాబుల పద్ధతిలో ఇంకో అందమైన లెక్క దాగి ఉంది. అప్సిట్‌లో 40 ప్రశ్నలు, ఒక్కో దానికి నాలుగు జవాబులు, కాబట్టి వాసన బొత్తిగా తెలియని మనిషి కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా సుమారు 10 మార్కులు వస్తాయి. అలాంటప్పుడు ఒకరికి 2 వచ్చాయంటే ఏమిటి అర్థం? సున్నా వస్తే? ఏమీ తెలియకుండా 40కి 40 తప్పు పెట్టే అవకాశం దాదాపు లక్షలో ఒకటి. అన్నీ తప్పు పెట్టాలంటే సరైన జవాబు తెలిసి ఉండాలి, తెలిసి కావాలని తప్పించి ఉండాలి. అందుకే 5, అంతకంటే తక్కువ స్కోరును వాసన పోయిందనడానికి కాదు, నటన కావచ్చని అనుమానించడానికి వాడతారు.

మూడు భాగాల్లో ఏది ఎక్కువ పడిపోయిందన్నది కూడా ఒక జాడ ఇస్తుంది. ముక్కు, సైనస్ జబ్బుల్లో గాలి అందక థ్రెషోల్డ్ ఎక్కువగా దెబ్బతింటుంది. పార్కిన్సన్స్‌లో తేడా గుర్తించడం, పేరు చెప్పడం ఎక్కువ దెబ్బతింటాయి, ఎందుకంటే ఆ రెంటికీ జ్ఞాపకమూ ఆలోచనా కావాలి. ఇది జాడే, రుజువు కాదు, అయినా మొత్తం స్కోరు ఒక్కటే రాసి మూడు అంకెలు విడిగా రాయకపోతే ఈ జాడ కూడా పోతుంది.

వయసుతో పోల్చకుండా ఏ స్కోరూ చదవకూడదు. అమెరికాలో 53 నుంచి 97 ఏళ్లవాళ్లను పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో 24.5 శాతం మందికి లోపం కనిపించింది, 80 దాటినవాళ్లలో అది 62.5 శాతం. గ్యాస్ లీకైతే పసిగట్టాల్సిన, పాలు విరిగాయో లేదో చూసుకోవాల్సిన వయసులో, ఒంటరిగా ఉండే అవకాశం ఎక్కువున్న వయసులో సగానికి పైగా ముక్కులు సరిగా పనిచేయడం లేదన్నమాట. 2014లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా కలవరపెడుతుంది. 57 నుంచి 85 ఏళ్లవాళ్లు సుమారు 3,000 మందికి గులాబీ, తోలు, నారింజ, చేప, పిప్పర్‌మెంట్ ఈ ఐదు వాసనలే చూపించారు. ఐదేళ్ల తర్వాత చూస్తే, వాసన బాగా తెలిసినవాళ్లలో 10 శాతం, కాస్త తగ్గినవాళ్లలో 19 శాతం, పూర్తిగా పోయినవాళ్లలో 39 శాతం చనిపోయారు. వాసన పోవడం చంపుతుందని దీనర్థం కాదు, ఒంట్లో మరేదో క్షీణిస్తుంటే అది ముందుగా ముక్కులో బయటపడుతోందని అనుకోవచ్చు.

పార్కిన్సన్స్‌లో వణుకు మొదలవడానికి ఏళ్ల ముందే వాసన తగ్గవచ్చన్నది ఇప్పుడు గట్టిపడిన విషయం, 2015లో కదలికల జబ్బుల నిపుణుల సంఘం మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ ఇచ్చిన నిర్ధారణ ప్రమాణాల్లో వాసన కోల్పోవడాన్ని సమర్థించే లక్షణంగా చేర్చారు కూడా. కానీ ఇది చదివి, వాసన తగ్గిన ప్రతివాళ్లూ టెన్షన్ పడాల్సిన పనిలేదు. జలుబు తర్వాత, సైనస్ వల్ల, వయసు వల్ల, తలదెబ్బ వల్ల వాసన తగ్గినవాళ్లు పార్కిన్సన్స్ వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తక్కువ స్కోరు ఒక ప్రశ్నను లేవనెత్తుతుంది, జవాబు చెప్పదు. ఈ తేడా మర్చిపోతే ఏమవుతుందో 2013లో కనిపించింది. ఒక చెంచా వేరుశెనగ వెన్న, ఒక స్కేలుతో అల్జీమర్స్ పసిగట్టవచ్చని, ఎడమ పుటానికి వాసన చాలా దగ్గరకు వస్తేగానీ తెలియదని ఒక చిన్న అధ్యయనం వచ్చింది. వార్త గుప్పుమంది. మరుసటి ఏడాది డోటీ బృందం మళ్లీ చేసి చూస్తే కుడి ఎడమల మధ్య ఆ తేడా కనిపించలేదు. సులువైన పరీక్ష మీద అందరికీ ఉన్న ఆశ అర్థం చేసుకోదగ్గదే, కానీ వాసన గాఢతనూ దూరాన్నీ గాలినీ అదుపులో పెట్టకుండా వంటింటి సామానుతో తీసిన అంకె మీద ఒక మనిషికి అల్జీమర్స్ అని చెప్పడం క్రూరం.

చికిత్సలో కూడా అంకె కావాలి. జర్మనీలో 2009లో మొదలైన వాసన శిక్షణలో గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం నాలుగు వాసనలను రోజుకు రెండుసార్లు, కనీసం 12 వారాలు, శ్రద్ధగా పీల్చమంటారు. ఖర్చు లేదు, ముప్పు లేదు, వైరస్ జ్వరాల తర్వాత వాసన పోయిన కొందరికి మేలు చేస్తుంది. అయితే మేలు జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది? మూడు నెలలు ఆశగా పీల్చిన మనిషిని అడిగితే "కొంచెం బెటర్" అనడం సహజం. 48 స్కేలు మీద కనీసం 5.5 పెరిగితేనే రోగికి తేడా తెలిసేంత మెరుగుదల అని లెక్క. అందుకని శిక్షణ మొదలుపెట్టకముందే ఒకసారి కొలిచి ఉంచాలి, ఆ మొదటి అంకె లేకపోతే తర్వాత ఎంత కొలిచినా పోల్చడానికి ఏమీ ఉండదు.

ఇన్ని చేసినా ఈ పరీక్షలకు అందనిది ఒకటి మిగిలిపోతుంది. వాసన తిరిగొచ్చేటప్పుడు కొందరికి అది వంకరగా వస్తుంది, దాన్ని పారోస్మియా అంటారు. కాఫీ, వేగుతున్న ఉల్లిపాయ, మాంసం కుళ్లు కంపు కొడతాయి. కాఫీలో ఉండే 2-ఫ్యూరాన్‌మీథేన్‌థయాల్ అనే అణువు దీన్ని ఎక్కువగా రగిలిస్తుందని 2022లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. అలాంటి మనిషి పెన్నుల పరీక్షలో కూర్చుంటే పలచటి గులాబీని పట్టుకోగలడు, మూడింటిలో వేరేదాన్ని చూపించగలడు, స్కోరు 31 కూడా తెచ్చుకోవచ్చు. కాగితం మీద మామూలు. ఇంటికెళితే పొయ్యి వెలిగించగానే కడుపులో తిప్పేసి వంటింట్లోంచి బయటికి పరుగెత్తుతుంటాడు. అక్కడ మాత్రం పెన్నులు పక్కనపెట్టి, ఏ వాసన ఎలా వస్తోంది, ఏం తినగలుగుతున్నారు, బరువు ఎంత తగ్గారు అని ఓపిగ్గా అడిగి రాసుకోవాల్సిందే.